నూనె చెప్పిన మాట

ఆ ఆదివారం మధ్యాహ్నం సతీష్‌కుమార్ గుత్తివంకాయ కూరను మెచ్చుకున్నాడు. భాగ్యరేఖకు అనుమానం అక్కడే మొదలైంది.

"కూర బలే కుదిరింది, రేఖా" అన్నాడు. అక్కడితో ఆగినా ఆమె ఏదోలే అనుకునేది. "నువ్వూ కూకో, మళ్లీ చల్లారిపోద్ది" అంటూ పక్క కుర్చీ కూడా లాగాడు. ఇరవై మూడేళ్ల కాపురంలో ఆమె కోసం ఆయన కుర్చీ లాగడం ఆమెకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. అత్తగారు నూకమ్మ కూడా మజ్జిగ గ్లాసు ఎత్తినది ఎత్తినట్టే పట్టుకుని కొడుకు వైపు వింతగా చూసింది. భోజనానికి వచ్చిన మరిది ఉదయ్‌కుమార్ మాత్రం తల ఎత్తకుండా వంకాయ తొడిమె చీకుతున్నాడు.

"బండి సంగతి నువ్వేటంటావు?" ఆమె కూర్చున్నాక అడిగాడు సతీష్‌కుమార్. "ఇంజను తీసేసి అలాంటిదే ఇంకోటి ఎట్టించేద్దామా, లేకపోతే పెద్ద ఇంజనుకి అప్‌గ్రేడ్ అయిపోదామా? నువ్వెలగంటే అలగే."

"నన్నెందుకు అడుగుతున్నారండీ?"

"అదేటి అలగంటావు. బండి నీది కదా."

భాగ్యరేఖ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పదహారేళ్లుగా ఆ ఎర్ర కారు ఆ ఇంట్లో ఉంది. బండి నీది అన్న మాట మాత్రం ఇంతవరకు ఎవరి నోటా రాలేదు.

నిజానికి బండి ఆమెదే, కాగితం మీద. నాగపూర్‌లో ఎవరో షోకిల్లా రాయుడు రెండు తలుపుల జపాను స్పోర్ట్స్ కారు అమ్ముతున్నాడని తెలిసిన రోజున సతీష్‌కుమార్‌కు అన్నం సహించలేదు. ఆయన కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. ఛత్తీస్‌గఢ్‌లోని ఆ ఊరి స్టీలు ప్లాంటులో పర్మనెంటు ఉద్యోగం ఆమెది. వాహనం కొనడానికి ప్లాంటు ఇచ్చే అప్పు ఉద్యోగి పేరు మీదే ఇస్తారు కాబట్టి బండి కూడా ఆ పేరు మీదే ఉండాలి. అలా పేరు ఆమెదైంది, తాళం ఆయనదైంది. సివిక్ సెంటర్ దగ్గర డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుని ఆమె లైసెన్సు కూడా తెచ్చుకుంది. ఒక్కసారి నడుపుతానని అడిగితే, "ఇది నీ స్కూటీ కాదే, స్పోర్ట్స్ కారు. ఆడోళ్ల చేతికి ఆగదు" అన్నాడు. పోనీ పక్కన కూర్చుని మైత్రీబాగ్ పార్కు దాకా వస్తానంటే, "రెండే సీట్లు కదే. నిన్నెక్కిస్తే అమ్మకి కోపం, అమ్మనెక్కిస్తే నీకు కోపం" అన్నాడు. అని, ఎవరికీ కోపం రాకుండా తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లిపోయాడు. ఆమె వంతుకు వచ్చినవి వేరే ఉన్నాయి. వాళ్లుండే రిసాలిలో తెల్లారేసరికి బానెట్ మీద పేరుకునే ఎర్రదుమ్ము తుడవడం, ఆదివారం బకెట్లు మోసి కడగడం, కవరు ఉతకడం, బీమా ఫారాలు నింపడం, మెకానిక్కు దించేసిన పాత నూనె డబ్బా ఎక్కడైనా పారబోసి రావడం. ఒక్క వారం ఆలస్యమైతే నూకమ్మ వాకిట్లోంచే అందుకునేది. "మొగోడి బండి అలగ దుమ్మట్టిపోతే ఇంటి ఆడదాన్ని ఏటనుకుంటారే నలుగురూ?"

ఇప్పుడు హఠాత్తుగా బండి ఆమెదైంది.

"మీరు మూడు నెలలుగా నలుగురు మెకానిక్కుల్ని అడిగారు కదా. వాళ్లేమన్నారు?"

"రాయపూర్ ఆయన మార్చెయ్యమన్నాడు. నాగపూర్ ఆయన అప్‌గ్రేడ్ అన్నాడు. పాతది మాత్రం ఖతమ్. అందరూ అదే మాట."

నలుగురు మెకానిక్కులు. భాగ్యరేఖకు మొన్న జూన్ గుర్తొచ్చింది. గర్భసంచిలో గడ్డలున్నాయని, తీసేయడమే మంచిదని చెప్పిన డాక్టరమ్మ, "కావాలంటే ఇంకో డాక్టరుని కూడా అడిగి చూడండి" అని తనంతట తనే అంది. సతీష్‌కుమార్ ఫోనులోంచి తల ఎత్తకుండా, "ఎందుకు మేడమ్, తీసెయ్యండి. పిల్ల కాలేజీకొచ్చేసింది. ఇంకేటి పని దాంతో?" అన్నాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆపరేషన్ అవసరమైనదే, డాక్టరమ్మ మంచిదే, ఆమెకు అందులో పేచీ లేదు. కానీ అప్పటినుంచి ఆయన ఇంజను గురించి ఫోనులో గంటలు గంటలు మాట్లాడుతుంటే, కూర కలుపుతూ నిమిషాలు లెక్కపెట్టే అలవాటు ఒకటి అంటుకుంది.

ఉదయ్‌కుమార్ చెయ్యి కడుక్కొచ్చి సంచిలోంచి రెండు కాగితాలు తీశాడు. అతను సెకండ్ హ్యాండ్ కార్ల బేరాలు చేస్తాడు. ఊరి బయట ఉతైలో అతని స్నేహితుడి షెడ్డు ఉంది.

"వదినా, రెండు సైన్లు, బస్, అంతే. వచ్చే నెల పద్నాలుగున రిజిస్ట్రేషన్ రెన్యూవల్ కదా. ఆర్టీవోలో ఇంజన్ నంబర్ చూస్తారు. మారుస్తున్నాం కాబట్టి ఓనర్ రాసివ్వాలి. టెన్షన్ లేదు, నేను చూసుకుంటా."

"చదివి పెడతాను."

ఉదయ్‌కుమార్ పెన్ను కూడా తీసి బల్ల మీద పెట్టాడు.

"సదవడానికేటుందే అందులో?" అంది నూకమ్మ. "మొగుడూ మరిదీ సెప్తన్నారు కదా."

"చేతులు ఎంగిలి అత్తయ్యా. కాగితాలు పాడైపోతాయి" అంది భాగ్యరేఖ. ఎంగిలి చెయ్యి ఒక ఆడదానికి అంతగా అక్కరకు రావడం కూడా అదే మొదటిసారి.

గిన్నెలు కడిగాక చదివింది. మొదటి కాగితంలో, పాత ఇంజను పూర్తిగా పాడైపోయినందున తన ఇష్టప్రకారమే తీయించి తుక్కులో వేశానని ఉంది. గ్యారేజీలో ఇంకా మోగుతున్న ఇంజను అప్పుడే తుక్కులో ఎలా పడింది? రెండో కాగితంలో పై సగమంతా ఖాళీ. కింద ఆమె పేరు, సంతకానికి ఒక గీత మాత్రమే ఉన్నాయి.

ప్లాంటులో భాగ్యరేఖ పని వాడేసిన నూనెను పరీక్షించడం. రోలింగ్ మిల్లు గేర్‌బాక్సులు, క్రేన్లు, ప్లాంటు లోపల తిరిగే రైలింజన్లు, వీటన్నిటి నూనె నమూనాలు చిన్న చిన్న సీసాల్లో ఆమె ల్యాబుకు వస్తాయి. యంత్రం లోపల ఏ భాగం అరుగుతుంటే ఆ లోహం నూనెలో తేలుతుంది. సీసం పెరిగితే బేరింగులు పోతున్నట్టు, అల్యూమినియం పెరిగితే పిస్టన్లు. ఆమె రిపోర్టు రానిదే అక్కడ ఫోర్‌మన్లు ఏ యంత్రం మూతా విప్పరు. ఇంట్లో మాత్రం దాని పేరు మురికినూనె ఉద్యోగం. అనకాపల్లి నుంచి వచ్చిన చుట్టాలకు నూకమ్మ, "నూనె కొట్టు కాడ పనిలాటిదేలే" అని చెప్పడం వంటగదిలోంచి ఎన్నిసార్లో విన్నది.

పదహారేళ్ల కింద, పాత నూనె పారబొయ్యమని భర్త మొదటిసారి డబ్బా చేతికిచ్చినప్పుడు, ఆమె అలవాటు కొద్దీ చిన్న సీసాడు పక్కకు తీసింది. ఇన్‌ఛార్జి మేడమ్ అనుమతి అడిగి, రిజిస్టరులో 'సొంత వాహనం' అని రాసి పరీక్ష చేసింది. అప్పటినుంచి నూనె మార్చిన ప్రతిసారీ అంతే. అంకెలన్నీ ఒక నీలం అట్ట నోటుపుస్తకంలో ఉన్నాయి. ల్యాబులో జూనియరు మెర్లిన్ దానికి 'రేఖక్క కారు జాతకం' అని పేరు పెట్టింది. ఆ జాతకం ప్రకారం ఇంజను ముసలిదే గానీ గట్టిపిండం. మే నెలలో సతీష్‌కుమార్ మొదటిసారి అప్‌గ్రేడ్ మాట ఎత్తినప్పుడు ఆమె ఆ మాటే చెప్పింది. "ఇంజను బాగానే ఉంది కదండీ. మార్చిలోనే చూశాను." ఆయనకు ఒళ్లు మండింది. "మురికినూనె చూసి నాకే చెప్తావా నువ్వు?" అన్నాడు. తర్వాత రెండు నెలలకు, జూలైలో, ఇంజను నిజంగానే టకటకమని మోగడం మొదలుపెట్టింది. ఆమె నోరు మూతపడింది. తనే పొరపాటు పడి ఉంటానని అనుకుంది. ఆడవాళ్లకు అలా అనుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు.

సోమవారం పొద్దున్న డ్యూటీకి వెళ్లే ముందు గ్యారేజీలోకి వెళ్లి, నూనె కొలిచే పుల్ల పైకి తీసి, ఆ సందులోంచి సన్నగొట్టంతో సీసాడు నూనె లాగింది. కవరు మళ్లీ ఎప్పటిలా కప్పింది.

మంగళవారం ల్యాబులో తెర మీద అంకెలు చూసి మెర్లిన్ నాలుక చప్పరించింది. "సీసం చూడండక్కా, ఎక్కడికెళ్లిపోయిందో. బేరింగులు అయిపోయినట్టే. బావగారు చెప్పింది నిజమే, పాపం."

భాగ్యరేఖ ఒక్క క్షణం తేలికపడింది. మొగుడి మీద పెట్టుకున్న అనుమానం తప్పని తేలితే వచ్చే తేలిక అది. దాని వెనకే కాస్త సిగ్గు. నోటుపుస్తకం తెరిచి అంకెలు ఎక్కించడం మొదలుపెట్టింది. ఇనుము, రాగి, సీసం, అల్యూమినియం. క్రోమియం దగ్గర కలం ఆగింది.

సున్నా.

"నమూనా మళ్లీ ఒకసారి నడుపు, మెర్లిన్."

మళ్లీ సున్నా. మూడోసారీ సున్నా.

2016లో ఆ ఇంజనుకు క్యాంప్ వన్ పేటలో మెకానిక్కు మహేశ్ క్రోమ్ పూత ఉన్న పిస్టన్ రింగులు వేశాడు. ఆనాటినుంచి పుస్తకంలో ప్రతి వరుసలోనూ క్రోమియం రెండో, మూడో ఉంది. ఒక్క వరుసలో కూడా తప్పలేదు. బేరింగులు అరిగి సీసం పెరగవచ్చు. రింగులు అరగడం మానేసి క్రోమియం మాయం కాదు.

"జ్వరం పెరుగుద్ది, తగ్గుద్ది" అంది భాగ్యరేఖ మెల్లిగా. "రక్తం గ్రూపు మారదు కదా."

"సీసాలు తారుమారైపోయాయేమో అక్కా."

"నా చేత్తో తీశాను. మా గ్యారేజీలో, మా బండిలోంచే. బండి మాదే, మెర్లిన్. లోపలున్న ఇంజనే మాది కాదు."

మెర్లిన్ నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయింది.

ఇంజను నంబరు కోసం ఆర్‌సీ కార్డు వెతకనక్కర్లేదు. పదహారేళ్లుగా ఫారాలు నింపిన చెయ్యి. చివరి నాలుగంకెలు 4417. ప్లాంటులో తన పర్సనల్ నంబరు ఎంత కంఠతా వచ్చో అదీ అంతే. బుధవారం సాయంత్రం సతీష్‌కుమార్ బయటికి వెళ్లగానే కిరోసిన్ గుడ్డ, ఫోను లైటు పట్టుకుని గ్యారేజీలోకి వెళ్లింది. కడుపు మీద కుట్ల దగ్గర ఇంకా లాగుతూనే ఉంది. వంగి, జిడ్డు తుడిచి, ఇంజను పక్కన చెక్కిన అంకెల మీద లైటు వేసింది.

9063.

మళ్లీ తుడిచింది. 9063 ఎక్కడికీ పోలేదు.

అక్కడే బకెట్టు బోర్లించుకుని కూర్చుంది. మొదట వచ్చింది కోపం కాదు, భయం. ఈ ఇంజను ఎవరిది? ఏ దొంగబండిలోంచి వచ్చింది? ప్లాంటు గేటు దగ్గర రోజూ సంచి విప్పి చూపించి బయటికొచ్చే ఉద్యోగం తనది. రేపు ఇది దొంగసొత్తని తేలితే పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఆర్‌సీలో ఉన్న పేరునే. సతీష్‌కుమార్ పేరు ఎక్కడా లేదు. తుక్కులో వేశానని రాసిచ్చే సంతకం తనది. పోయే ఉద్యోగం కూడా తనదే.

మరి ఎప్పుడు మార్చారు? వారంవారం బండి కడిగేది తనే. బానెట్ కింద దుమ్ము కూడా తనే తుడుస్తుంది. విప్పి బిగించిన గుర్తులు తాజాగా ఉంటే పట్టేసేది. పట్టకుండా ఉండాలంటే వాటి మీద దుమ్ము పేరుకునేదాకా తను బండి దగ్గరికే రాకూడదు. ఆ ఆలోచన అక్కడిదాకా వచ్చేసరికి భాగ్యరేఖకు జూన్ నెల మొత్తం ఒక్కసారిగా కళ్లకు కట్టింది. ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చిన రోజు సతీష్‌కుమార్ మంచం పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని, "ఆరు వారాలు వంగకూడదట. బండి జోలికి అస్సలెళ్లకు. నేనే కడిగించుకుంటాను, సరేనా?" అన్నాడు. బండి ఆ వారమంతా సర్వీసింగుకని ఇంట్లో లేదు కూడా. ఆయన మాటకు ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. నొప్పి బిళ్లలు వేసుకుని పడుకున్నప్పుడల్లా ఆ మాట తలుచుకునేది. ఫోనులో కూతురికి కూడా చెప్పింది, మీ నాన్న మారారు తెలుసా అని. ఆయన తన మీద చూపించిన దయ ఏదైనా ఉందంటే ఆ ఒక్కటే. దాన్ని దాచుకుంది. ఇప్పుడు దాని అడుగున కూడా ఒక నంబరు చెక్కి ఉంది.

గురువారం డ్యూటీ దిగి స్కూటీ మీద నేరుగా క్యాంప్ వన్‌కి వెళ్లింది. సందులో మూడో మలుపు దగ్గర మహేశ్ దుకాణం. అరవై దాటిన ఛత్తీస్‌గఢీ మనిషి. ఆమెను చూడగానే చేతులు తుడుచుకుని స్టూలు వేశాడు. టీ చెప్పబోతే వద్దంది.

"మహేశ్ భయ్యా, 4417 ఎక్కడుంది?"

అతను రెంచీ కింద పెట్టాడు. "దీదీ, మైనే మనా కియా థా" అన్నాడు. వద్దని తను చెప్పాడట. తర్వాత ఒక్కొక్కటే బయటపెట్టాడు. జూన్‌లో ఉదయ్‌కుమార్ వచ్చి ఇంజను దించమన్నాడు. దీదీకి తెలుసా అని మహేశ్ అడిగాడు. "ఆమె ఆసుపత్రిలో ఉంది. ఆమెతో ఏటి పని?" అన్నాడు ఉదయ్‌కుమార్. మహేశ్ ఒప్పుకోకపోతే బండిని ఉతై షెడ్డుకి తోలుకెళ్లి అక్కడ దించారు. దాని చోట తుక్కు బజారులో దొరికిన చచ్చు ఇంజనొకటి కూర్చోబెట్టారు.

"చచ్చింది ఎందుకు పెట్టడం?"

"మీ ఇంజను బాగుందని మీరే చెప్పారట కదా దీదీ. అది మోగదు, పొగ రాదు. మార్చాలని మీరెలా ఒప్పుకుంటారు?"

రాయపూర్‌లో అలాంటి కారే ఉన్న ఒకాయన అసలు ఇంజను కోసం ఏడాదిగా తిరుగుతున్నాడు. అది అమ్మి, దాంతో పెద్ద ఇంజను కొని బిగించుకోవాలని సతీష్‌కుమార్ ఆశ. కానీ రాయపూర్ మనిషి జాగ్రత్తపరుడు. ఆర్‌సీలో ఉన్న యజమాని సంతకంతో అమ్మకం చీటీ ఇస్తేనే ఇంజను ఎత్తుతానన్నాడు. ఖాళీగా ఉన్న రెండో కాగితం దానికోసమే.

"అంటే అది ఇంకా ఉతైలోనే ఉంది."

"ఉంది. ఘర్ కా మామ్లా అని ఇన్నాళ్లూ నోరెత్తలేదు. మాఫ్ కర్‌నా, దీదీ."

అందరికీ అది ఇంటి వ్యవహారమే. ఆ ఇంట్లో ఉండే మనిషికి తప్ప.

శుక్రవారం ఆమెకు వారపు సెలవు. మెర్లిన్‌ని తోడు తీసుకుని ఉతై వెళ్లింది. షెడ్డులో వెల్డింగు చేస్తున్న మనిషితో, "ఉదయ్ భయ్యా వాళ్ల వదినని" అంటే కళ్లద్దాలు తీసి నమస్తే పెట్టి లోపలికి రానిచ్చాడు. ఆ చుట్టరికం ఒకపూట పనికొచ్చింది. మూలన పాత టైర్ల మీద, నీలం టార్పాలిన్ కింద ఉంది ఇంజను. టార్పాలిన్ ఎత్తింది. చల్లగా, నిబ్బరంగా, మహేశ్ ఎప్పుడో తెల్లరంగు పూసిన బోల్టుతో సహా అదే. 4417. ఫొటో తీసింది. ఎందుకో దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. తర్వాత సంచిలోంచి గొట్టం తీసి, అడుగున మిగిలిన నూనె సీసాలోకి లాగింది.

"నంబరు దొరికింది కదక్కా, ఇంకా నూనెందుకు?" అంది మెర్లిన్.

"అలవాటు."

శనివారం ఆ నూనెలో క్రోమియం రెండున్నర.

మళ్లీ ఆదివారం. ఈసారి పప్పు, అన్నం, అప్పడాలు. సతీష్‌కుమార్ కూరేదీ మెచ్చుకోవడానికి లేకుండా పోయింది. ఉదయ్‌కుమార్ తన సంచి ముందే పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏటి ఆలోచించావు?" అన్నాడు సతీష్‌కుమార్. "రీప్లేసా, అప్‌గ్రేడా?"

"రెండూ కాదండీ. నా ఇంజను నాకు పెట్టించండి."

"అది సచ్చిపోయిందని చెప్తన్నాను కదే."

"ఉతైలో బానే ఉంది. మొన్న చూసొచ్చాను."

అప్పడం విరవబోయిన ఉదయ్‌కుమార్ చెయ్యి ఆగింది. "ఆ మహేశ్ గాడు భడ్కాయించి ఎగదోశాడా వదినా మిమ్మల్ని?"

"మహేశ్ దగ్గరికి నేను గురువారం వెళ్లాను. మంగళవారమే నూనె చెప్పింది." రెండు సీసాలు తెచ్చి పప్పుగిన్నె పక్కన పెట్టింది. వాటి పక్కన నీలం నోటుపుస్తకం. "ఇది గ్యారేజీలో ఉన్నదాని నూనె. ఇది ఉతైలో ఉన్నదాని నూనె. పుస్తకంలో పదహారేళ్లది ఉంది. ఏది మనదో ల్యాబులో ఎవరిని అడిగినా చెప్తారు."

సతీష్‌కుమార్ నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు తెలుసు. చుట్టాల ముందు నవ్వేది. "మురికినూనె చూసి మొగుణ్ణి దొంగంటావేటి?"

"నేనింకా ఏమీ అనలేదు. అనాల్సింది కాగితాల్లో రాశాను." రెండు కవర్లు తీసింది. "మొదటిది ఆర్టీవోకి మామూలు రెన్యూవల్ దరఖాస్తు. ఇంజను నంబరు 4417 అని ఉంది. పద్నాలుగో తారీకు లోపల మహేశ్ చేత అది తిరిగి బిగించి, ఆ 9063 ఎక్కడినుంచి తెచ్చారో అక్కడికి చేర్చి రసీదు నాకిస్తే ఇది వెళ్తుంది. లేకపోతే రెండోది వెళ్తుంది, నాకు చెప్పకుండా ఇంజను మార్చారన్న ఫిర్యాదు. దాని నకలు పోలీసు స్టేషనుకి. ఫొటోలు జతచేశాను."

"నా బండికి నేనేటి చేసుకుంటే నీకేటే?" అన్నాడు సతీష్‌కుమార్. నవ్వు పోయింది.

"బండి నీది కదా అన్నారు. కిందటి ఆదివారం, ఈ కుర్చీలోనే."

నూకమ్మ ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూసింది. "ఏటీ, బండి దీనిదేటి? ఒరే సతీసూ, నిన్నేరా."

సతీష్‌కుమార్ తల వంచుకుని పప్పన్నం కలపడం మొదలుపెట్టాడు.

"మరైతే మొగోడి బండి, మొగోడి బండని పదారేళ్లు దీని చేత తోమించినాను కదరా నేను" అంది నూకమ్మ. తిట్టడానికి ఇంకెవరూ దొరకనట్టు తన చేతిలో మజ్జిగ గ్లాసు వైపే చూసింది.

సతీష్‌కుమార్ గొంతు తగ్గించాడు. అది ఇంకా ప్రమాదమని భాగ్యరేఖకు తెలుసు. "చూడు రేఖా, నువ్వు ఆపరేషన్ అయ్యి మంచం మీదున్నావు. ఆ టైములో నీకెందుకు టెన్షన్ అని చెప్పలేదు. నీ మంచికే కదా."

"డాక్టరమ్మ నా ఒంట్లోంచి తీసేముందు నన్నడిగిందండీ" అంది భాగ్యరేఖ. "కాగితం నా చేతికిచ్చి, చదివి, అర్థమైందా అని రెండుసార్లు అడిగి, అప్పుడు సంతకం పెట్టించింది. మీరు నా బండిలోంచి తీసేముందు అడగలేదు."

బల్ల మీద ఫ్యాను గాలికి కవరు అంచు కదులుతోంది. ఉదయ్‌కుమార్ లేచాడు, చెయ్యి కూడా కడుక్కోకుండా. "రాయపూర్ ఆయనకి ఏటి చెప్పాలి, భయ్యా?"

సతీష్‌కుమార్ కంచం పక్కకు జరిపి, "లేదని చెప్పు" అన్నాడు. "మహేశ్‌కి ఫోన్ కొట్టు."

గెలిచినట్టేమీ అనిపించలేదు ఆమెకు. గేర్‌బాక్సు విప్పకుండానే ఏ పన్ను విరిగిందో తెలిసినప్పటి ఒకలాంటి అలసట, అంతే.

"పద్నాలుగున ఆర్టీవోకి బండి నేనే తీసుకెళ్తాను" అంది. "తాళం నా దగ్గర పెట్టండి."

"నువ్వు నడుపుతావా?"

"లైసెన్సుంది కదా."

నూకమ్మ గొంతు సవరించుకుంది. "నన్నెక్కించుకెల్తావేటే? ఆడు ఒక్కనాడూ ఎక్కించలేదు. దాని సీటు మెత్తగా ఉంటాదో లేదో కూడా నాకు తెల్దు."

"రండి అత్తయ్యా."

"మరి నేనెలగ?" అన్నాడు సతీష్‌కుమార్. "ఆఫీసులో వాళ్లేటి అడుగుతారో ఏటో, నేను లేకపోతే ఎలగ?"

"రెండే సీట్లు కదండీ" అంది భాగ్యరేఖ.

బల్ల మీద ఎంగిలి కంచాలు అలాగే వదిలేసి, చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్లింది. బీరువా తెరిచింది. కింది అరలో ప్లాస్టిక్ సంచి నిండా కాగితాలు. రిసాలి ఇంటి లీజు కాగితాలు, బ్యాంకువి, ఎల్‌ఐసీవి, ఉదయ్‌కుమార్ వ్యాపారం పెట్టినప్పుడు, "నీ సైను కూడా ఒకటి కావాలట" అని స్టవ్వు దగ్గరికే తెచ్చి పెట్టించుకెళ్లినవి. అన్నిటి కిందా ఆమె సంతకమే. కొన్నిటి మీద తడిచేతి మరకలు కూడా ఉన్నాయి. ఒక్కటీ చదివి పెట్టింది కాదు. అన్నీ మంచం మీద వరసగా పరిచింది. కళ్లద్దాలు పెట్టుకుంది. అన్నిటికంటే పాతదాన్ని తీసి మొదటి పంక్తి నుంచి చదవడం మొదలుపెట్టింది.

గుమ్మం దగ్గర సతీష్‌కుమార్ నీడ పడింది.

"ఏటి చేస్తన్నావు, రేఖా?"

భాగ్యరేఖ తల ఎత్తలేదు.

"నమూనాలు తీస్తున్నానండీ."